చెయ్యెత్తినా లేవని కోటు

గాలికి వెళ్ళొస్తానని ఆయన పై డెక్కుకి వెళ్ళారు, కోటు నా ఒళ్ళో ఉంది, భోజనాల గంట కొట్టడానికి ఇంకా కాస్త టైముంది, ఈలోగా నేను తేల్చుకోవాలి. "బట్టల సంగతి నీ ఇష్టం, నువ్వేదిస్తే అదే వేసుకుంటాను, నన్నడిగితే మాత్రం గదిలోకే తెప్పించుకు తిందాం" అన్నారు తలుపు సగం మూసి, ఆ సందులోంచి మొహం మాత్రం పెట్టి. ఇలా తలుపు సందులోంచి మాట్లాడ్డం ఆయనకి ఉద్యోగంలో అబ్బిన గుణం, వంటగదిలోకి తల పెట్టి ఆర్డరు చెప్పి మళ్ళీ హాల్లోకి పరిగెత్తిన మనిషి కదా, ఇంట్లో కూడా ఏ గదిలోకీ పూర్తిగా రారు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఓడల్లో వడ్డన చేశారు. రిటైరయ్యాక కంపెనీ వాళ్ళు భార్యాభర్తలిద్దర్నీ ఒక వారం ప్రయాణికుల్లాగా తిప్పి తీసుకొస్తామంటే వచ్చాం, ఆయన పనిచేసిన ఓడ కాదు, వేరేది, కొత్తది. ఈ వారంలో ఒక్క పూటైనా ఆ పెద్ద డైనింగ్ హాల్లో ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవాలి, ఇంకొకరు వడ్డిస్తే తినాలి. నేను కోరుకున్నది ఇంతే. ఇది ఆయన కోరిక కాదు, నాది. ఆ సంగతి తెలిసినా నేనేం సిగ్గుపడను, కాపురంలో ఎవరో ఒకరు కోరుకోకపోతే ఏదీ జరగదు.

ఓడ కొంచెం ఊగుతోంది. గుండ్రటి కిటికీలో సముద్రం ఒకసారి సగానికి, ఒకసారి అంచుకి వచ్చిపోతోంది. ఈ ఊపులో సూదిలో దారం ఎక్కించగలనా అని మొదటిరోజే చూసుకున్నాను, ఒక్క దెబ్బకి ఎక్కింది. అవును, పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, విహారానికి వస్తూ కుట్టుసంచీ తెచ్చుకున్నాను, ఆయన నవ్వారు, నవ్వనీ. మా నాన్న కోట్ల దర్జీ, ఆయన తర్వాత దుకాణం నేనే నడిపాను. ఆడమనిషి మగవాళ్ళ కోట్లు కుట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళు అదే వేలితో నా గుండీ కాజాలు తడిమి చూసి, ఇంకో కోటుకి కొలతలిచ్చి వెళ్ళారు. మర్యాద మనసులో ఉండాలి గానీ బట్టల్లో ఏముందండీ అనేవాళ్ళకి కూడా కుట్టాను, ట్రయల్‌కి వచ్చి అద్దం ముందు నిలబడ్డాక పొట్ట లోపలికి లాక్కోనివాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. అలాంటిదాన్ని, ఓడెక్కి గది తలుపు తియ్యగానే బల్ల మీద ఏం చూశాను? ఒక అట్టముక్క. ఈ ప్రయాణం నుంచి డైనింగ్ హాల్లో కోటు, టై నిబంధన సడలించామని, మీకు హాయిగా ఉన్న దుస్తుల్లో రావచ్చని, తడి ఈతదుస్తులు మాత్రం వద్దని మనవి అని. ఆ చివరి మనవి చదివి ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఈ కోటు నేను నెలల తరబడి కుట్టాను, మిషను మీద కాదు, చాలావరకు చేత్తో, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతూ ఉంటే ఎగదోసుకుంటూ, ఆ హాలు కోసం, ఆ ఒక్క పూట కోసం. ఆ హాల్లోకి కోటు లేనివాణ్ణి తలుపు దగ్గరే ఆపేవారని ఆయనే చెప్పేవారు, ఒకసారి ఎవరో పెద్ద వ్యాపారి చొక్కాతో వస్తే పక్కకి తీసుకెళ్ళి, అక్కడ అరువు కోట్లుండే బీరువా తెరిచి, చేతులు పొట్టిగా ఉన్నదొకటి తొడిగించి కూర్చోబెట్టారట. అలాంటి హాల్లో నా మొగుడు అరువు కోటుతో కాదు, నేను కుట్టిన కోటుతో కూర్చోవాలనుకున్నాను. నేను దారం చివర ముడేసేసరికి వాళ్ళు నిబంధన సడలించారు.

పోనీ, సడలిస్తే సడలించారు, వేసుకోకూడదని అనలేదు కదా అని మొదటిరోజు వేయించాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అయినా ఉలిపికట్టెగా ఉండటానికి నాకెప్పుడూ భయం లేదు. హాలు ఆయన చెప్పినట్టే ఉంది, పైన దీపాల గుత్తులు, తెల్లటి గుడ్డలు, ఒక్కో పళ్ళేనికి రెండు పక్కలా చెంచాల బారు. కూర్చున్నవాళ్ళే ఆయన చెప్పినట్టు లేరు. నిక్కర్లు, బనీను గుడ్డ చొక్కాలు, రబ్బరు చెప్పులు, ఒకావిడ జుట్టింకా తడిగా ఉంది. మా పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి ఒళ్ళంతా తాబేళ్ళు అచ్చేసిన చొక్కాలో, మోకాళ్ళు బయటపెట్టుకుని, లోకంలో ఏ బెంగా లేనట్టు రొట్టె తుంచుకుంటున్నాడు. చూడగా చూడగా నాకు ముచ్చటేసింది కూడా, నిజం చెప్పాలంటే సూపు చప్పుడు కాకుండా తాగడానికి కోటు అక్కర్లేదు, ఆ తాబేళ్ళాయన చక్కగా తాగాడు. అంతలో ఆయన గ్లాసు పైకెత్తి మా వైపు తిరిగి "కాస్త నీళ్ళు పోస్తారా" అన్నాడు. మావారితో. ఎందుకనడు, ఆ హాల్లో నల్లకోట్లు వేసుకున్నవాళ్ళు ఎవరు? వడ్డించేవాళ్ళు. వాళ్ళు, మావారు. తింటున్నవాళ్ళలో ఒక్కడికీ కోటు లేదు. నేను నోరు తెరిచేలోపే మావారు లేచారు, గోడవారనున్న బల్ల మీంచి జగ్గు అందుకున్నారు, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోయింది, మణికట్టు అలా ఒక్కసారి తిప్పారు, గుడ్డ మీద చుక్క పడలేదు. ఆ పక్క బల్లకి పోశారు, దాని అవతలి బల్లకి పోశారు, ఇంకేమైనా కావాలా అండీ అని అడిగారు. మొహం వెలిగిపోతోంది. నా సూపు చల్లారిపోతోంది. తిరిగొచ్చి నన్ను చూశాక ఆ వెలుగు పోయింది, కుర్చీ అంచున కూర్చుని రొట్టెముక్క కూడా ముట్టలేదు.

నిన్న పైనున్న చోటికి వెళ్ళాం, అక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళే పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవచ్చు, అక్కడ ఆయనకి చేపకి నీళ్ళు దొరికినట్టయింది, ముగ్గురు ముసలమ్మల పళ్ళేలు ఒక్క చేతి మీద పెట్టుకుని కిటికీ పక్కకి చేర్చారు. వాళ్ళు దీవించారు. నేను చూస్తూ కూర్చుని, సంతోషంగా ఉన్నాడు కదా, వదిలెయ్యొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకున్నంతసేపూ నమ్మాను కూడా. పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి ఆయనే అన్నారు. "నాకు కూర్చోవడం రాదేమోనే" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళు కప్పులోనే ఉన్నాయి. ఆ మాటని నేను నవ్వి కొట్టెయ్యలేకపోయాను. ఎందుకంటే ఆ మాట నిజం. ఓడలో సర్వర్లు వంటగది గోడకి ఆనుకుని నిలబడి నాలుగు ముద్దలు మింగి పరిగెడతారు, సెలవులకి ఇంటికొచ్చినా ఈయన పొయ్యి పక్కన నిలబడే తినేవారు, కూర్చోండి అంటే అయిపోయిందిలే అనేవారు, నిజంగానే అయిపోయేది. మా అమ్మాయి చిన్నప్పుడు నాన్నలంటే నిలబడి తినేవాళ్ళనుకుంది. బళ్ళో ఇంటి బొమ్మ వెయ్యమంటే బల్ల, బల్ల చుట్టూ నేనూ తనూ, బల్ల పక్కన నిలువునా చేతిలో గిన్నెతో వాళ్ళ నాన్న. టీచరు మెచ్చుకుని నక్షత్రం పెట్టింది. నేను ఆ బొమ్మని దుకాణంలో అద్దం పక్కన అంటించాను, వచ్చినవాళ్ళంతా మీ ఆయన చాలా పొడుగల్లే ఉన్నారే అనేవాళ్ళు.

ఆ సెలవుల్లోనే ఒకసారి ఆయన కుర్చీ గురించి చెప్పారు. అతిథి బల్ల దగ్గరికి రాగానే సర్వరు కుర్చీ వెనక్కి లాగుతాడు, అతిథి కూర్చునేటప్పుడు మోకాళ్ళ వెనక తగిలేదాకా ముందుకి తోస్తాడు, ఆ మధ్యలో ఒక్క క్షణం మనిషి కింద ఏమీ ఉండదు, గాలి తప్ప. "పెద్దవాళ్ళని ఎలా గుర్తుపడతామో తెలుసా? వెనక్కి చూడరు. కుర్చీ ఉంటుందని వాళ్ళకి తెలుసు. మనలాంటివాళ్ళం చేత్తో తడుముకుని గానీ కూర్చోం" అన్నారు, అని వంటింట్లో ఉన్న పీటని కాలితో జరిపి, చేత్తో తడుముకుని, కూర్చుని చూపించారు. మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వులోనే నాకు పట్టుదల పుట్టింది. ఈ మనిషిని ఒకనాడు వెనక్కి చూడకుండా కూర్చోబెట్టాలి అని. కోటైతే నా చేతిలో పని, కుర్చీ సంగతి దేవుడెరుగు అనుకున్నాను. కోటు కుడితే కూర్చోవడం దానంతటదే వస్తుందనుకున్నాను, దర్జీ బుద్ధి ఇంతకన్నా ఎటు పోతుంది.

లేచి కోటు నేనే తొడుక్కున్నాను. ఎందుకో తెలీదు, చలిగా లేదు, ఒళ్ళో పెట్టుకుని పెట్టుకుని విసుగొచ్చింది. నాకు పెద్దదే, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. ఆయన ఎడమ భుజం పళ్ళెం మోసి మోసి కాస్త ఎత్తుగా ఉంటుంది, అందుకని కుడివైపు దూది పొర ఒకటి ఎక్కువ పెట్టాను, ఆ పొర ఇప్పుడు నా కుడి చెవిని పలకరిస్తోంది. బానే కుట్టావే అనుకున్నాను. కిటికీలోంచి ఎండ కళ్ళల్లో కొడుతోందని, తెర లాగుదామని చెయ్యి పైకెత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎదురుగా గోడ మీద అద్దం. అద్దంలో కోటు అంచు ఉన్నచోటే ఉంది, వీసమెత్తు పైకి లేవలేదు. ఇంకో చెయ్యి కూడా ఎత్తాను. కదల్లేదు. కొలతలు పట్టినవాళ్ళకెవరికైనా ఇదేమిటో తెలుసు. మామూలు పెద్దమనిషి కోటుకి చంక కిందకి కోస్తాం, చెయ్యెత్తితే కోటంతా పైకి లేస్తుంది, ఫరవాలేదు, పెద్దమనిషి చెయ్యెత్తడు, వేలెత్తుతాడు. సర్వరు కోటుకి చంక ఎత్తి కోస్తాం, పళ్ళెం తలకంటే పైకి పోయినా కోటు నడుం దగ్గరే ఉండాలి. చేతులు కిందకి దించి జేబుల్లో పెట్టుకుందామని చూశాను. జేబుల్లేవు. సర్వరు కోటుకి పక్క జేబులుండవు, వాళ్ళ చేతులు జేబుల్లోకి పోకూడదని. లోపల ఎడమవైపు మాత్రం ఒకటుంది, ఆర్డరు రాసుకునే పుస్తకం పట్టేంత.

అందరికీ శకునం చెప్పే బల్లి వెళ్ళి కుడితిలో పడింది. నేను నా మొగుడికి సర్వరు కోటు కుట్టాను. ఇంతకుముందు ఆయనకి కుట్టినవన్నీ అవే కదా, దుకాణంలో మేకుకి ఆయన కొలతల అట్టలు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేవి, గుడ్డ పరిచాను, అట్టలు పరిచాను, సుద్దతో గీశాను, కోశాను. ఆలోచన ఎక్కడుంది అందులో? చెయ్యికి తెలిసిన మనిషినే చెయ్యి కోసింది. అంటే తాబేళ్ళాయన తప్పేం లేదు, ఆయన కంటికి కనపడిందే ఆయన నమ్మాడు. ఇంకొకటి కూడా ఇప్పుడర్థమైంది. ట్రయల్ నాడు ఈయన అద్దం ముందు నిలబడి, చెయ్యి నెమ్మదిగా పైకెత్తి చూసుకుని, "చెయ్యి బాగా లేస్తోంది" అన్నారు. మెచ్చుకున్నారని పొంగిపోయాను నేను. ఆ మనిషికి అప్పుడే తెలుసు. తెలిసి, బాగుందని చెప్పి, మడత పెట్టి పెట్టెలో పెట్టారు.

ఏడుపొచ్చింది, వచ్చినంత వేగంగా పోయింది, నేను ఏడ్చుకుంటూ కూర్చునే రకాన్ని కాదు. కోటు విప్పి మంచం మీద పరిచి తిరగేశాను. చంక ఇప్పుడు కిందకి దించలేను, గుడ్డ లేదు. జేబులు చీల్చి కుట్టగలను, ఈ ఊపులో కూడా కుట్టగలను, కానీ జేబులు పెడితే పెద్దమనిషి అవుతాడా, జేబులున్న సర్వరవుతాడు. తిరగేసినప్పుడు లోపలి అస్తరు బయటికొచ్చింది. చిలకపచ్చ పట్టు. అవును, అది పెట్టాను కదా. సర్వరు కోట్లకి లోపల ముతక నల్లగుడ్డే వేస్తాం, ఎలాగూ ఎవరికీ కనపడదని. దీనికి పట్టు వేశాను, అప్పుడు కూడా ఎవరికీ కనపడదని తెలిసే వేశాను. ఎవరికీ ఎందుకు కనపడదు? సర్వరు కోటు విప్పడు కాబట్టి. ఉక్కపోసినా, మూర్ఛొచ్చినా, హాల్లో ఉన్నంతసేపు విప్పకూడదు. ఒకసారి ఎక్కడో మండుటెండల సముద్రంలో హాల్లో చల్లటి గాలి మిషన్లు ఆగిపోతే, అతిథులు కూడా కోట్లతోనే ఉడికారట, కెప్టెన్ లేచి తన కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించేదాకా. ఆయన తగిలించాక వాళ్ళంతా తగిలించారు. వడ్డించేవాళ్ళు మాత్రం చెమటలు కారుతూ అలాగే తిరిగారు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఈయన నవ్వేది చెమటల గురించే, నేనూ చెమటల గురించే నవ్వేదాన్ని. బల్ల మీద అట్టముక్క ఇంకా అలాగే ఉంది. తీసి మళ్ళీ చదివాను. మీకు హాయిగా ఉన్న దుస్తుల్లో. మీకు అంటే అతిథులకి. విప్పొచ్చు అతిథి, ఎప్పుడు కావాలంటే అప్పుడు, కెప్టెన్ కోసం చూడక్కర్లేదు. వడ్డించేవాళ్ళకి ఈ అట్టముక్క వర్తించదు, వాళ్ళింకా విప్పకూడదు. సడలించినవాళ్ళు సల్లగుండాలి, నాకు కావలసింది నా కళ్ళ ముందే ఈ మూడు రోజులూ పెట్టి ఉంచారు, నేనే దాని మీద అలిగి కూర్చున్నాను.

తలుపు సగం తెరుచుకుంది, ఆ సందులో మొహం. జుట్టంతా గాలికి రేగి ఉంది. ఏం తేల్చావన్నట్టు చూశారు.

"పూర్తిగా లోపలికి రండి" అన్నాను.

వచ్చారు. కోటు మళ్ళీ తిన్నగా చేసి పట్టుకున్నాను, తొడుక్కోవడానికి వీలుగా. ఆయన వెనక్కి తిరిగి చేతులు పెట్టలేదు, నా వైపే చూస్తూ నిలబడ్డారు. పై గుండీ ఒకటి పట్టుకుని, "నీ కోటు వేసుకుంటే నా చేతులకి పని గుర్తొస్తుందే" అన్నారు, ఎంత నెమ్మదిగా అన్నారంటే నా మనసుకి తగలకుండా ఆ మాట కింద దూది పరిచినట్టు. తెలుసు, చంక చూశాను అన్నాను. ఎప్పుడు చూశావన్నారు. ఇప్పుడే అన్నాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది, నవ్వు, వంటింట్లో పీట మీద కూర్చున్ననాటి నవ్వు, నాకూ వచ్చింది. నవ్వు తగ్గాక చెప్పాను. ఇది వేసుకునే రండి, బల్ల దాకా. అక్కడికెళ్ళాక విప్పి కుర్చీకి తగిలించండి. ఆయన నవ్వు ఆగిపోయింది. హాల్లో కోటు విప్పడమా అన్నట్టు చూశారు, నేనేదో హాలు మధ్యలో గోచీతో నిలబడమన్నట్టు. లోపల మామూలు చొక్కానే కదా ఉందన్నారు. గీతల చొక్కా, ఇంట్లో కుండీలకి నీళ్ళు పోసేటప్పుడు వేసుకునేది, మెడ దగ్గర కాస్త వెలిసింది. అదే ఉండనివ్వండి అని కోటు తొడిగాను.

భోజనాల గంట కొట్టారు. నడవా అంతా తివాచీ, మా అడుగుల చప్పుడు వినపడదు, పక్క గదులవాళ్ళు చెప్పులు టపటపలాడిస్తూ ముందు పోతున్నారు. ఆయన పక్కన నడుస్తూ చూస్తున్నాను, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోయింది. నేను ఆ చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకున్నాను, ఈ వయసులో ఇదేంటే అని గొణిగారు గానీ లాక్కోలేదు. హాలు తలుపు దగ్గర నిలబడ్డావిడ నవ్వి దారి చూపించింది. అదే బల్ల. పక్కన తాబేళ్ళాయన, ఈరోజు చొక్కా మీద తాబేళ్ళు లేవు, కొబ్బరిచెట్లున్నాయి, మనిషి మాత్రం అదే మనిషి, అదే మోకాళ్ళు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది, పాపం మొన్న నీళ్ళు పోసినాయన గుర్తున్నాడు. గ్లాసు ఎత్తాడు. "కాస్త నీళ్ళు" అన్నాడు స్నేహంగా.

మా ఆయన ఆగిపోయారు. నా చేతిలో ఉన్న ఆయన చెయ్యి ఒక్కసారి బిగిసింది, లేవబోతున్న చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ చెయ్యి కోసమే కదా ఇన్ని కోట్లు ఎత్తి కోశాను. గోడవారన జగ్గు ఉంది, నిండుగా. నేనేం అనకూడదు, ఇక్కడ నేను ఒక్కమాట అన్నా అది నా కోరికే అవుతుంది. నోరు మూసుకున్నాను, నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మూసుకోలేదు. ఆయన నా చెయ్యి వదిలారు. వదిలి, పై గుండీ తీశారు. తర్వాతది తీశారు. ఎడమ భుజం ముందు, కుడి భుజం తర్వాత, ఇంట్లో విప్పినట్టే నెమ్మదిగా విప్పి, తిరగబడిన కోటుని తిరగబడినట్టే కుర్చీ వీపు మీద వేశారు. చిలకపచ్చ పట్టు దీపాల కింద భగ్గుమంది, పక్క బల్లలవాళ్ళు తల తిప్పి చూశారు, చూడనీ. గీతల చొక్కాలో మా ఆయన కొబ్బరిచెట్లాయనకేసి తిరిగి, "నేనూ వాటికోసమే చూస్తున్నానండీ, తెగ దాహంగా ఉంది" అన్నారు.

కొబ్బరిచెట్లాయన గ్లాసు దించి, నాలిక కరుచుకుని, ఆ తర్వాత పెద్దగా నవ్వేసి, రండి రండి, ఇక్కడ ఎంతసేపు పిలిచినా పలకరు అన్నాడు. వడ్డించే అమ్మాయి అప్పటికే వచ్చింది, నల్లకోటు, ఎడమ చెయ్యి వీపు వెనక. కుర్చీ మీది మా కోటు జారకుండా ఒక చేత్తో పట్టుకుని మా ఆయన కుర్చీ వెనక్కి లాగింది. నేను నా కుర్చీ సంగతి మర్చిపోయి చూస్తున్నాను. ఆయన కొబ్బరిచెట్లాయనతో ఈరోజు చేప బాగుంటుందా అని ఏదో అడుగుతున్నారు, అడుగుతూనే మోకాళ్ళు వంచారు, రెండు చేతులూ ముందే ఉన్నాయి, ఒకటి బల్ల మీద, ఒకటి మాటతో పాటు గాల్లో. వెనక్కి చూడలేదు. తడుముకోలేదు. కుర్చీ అక్కడే ఉంది.